నూట తొంభై అయిదు చుట్లు

లొవీనా టటిల్ తన ఇంట్లో సగమే ఊడ్చేది. మిగిలిన సగం రాగ్నా హౌగెన్ ఊడ్చుకునేది. రెండు సగాలకీ నడుమ, చెక్క నేల మీద, ఉత్తరపు గోడ నుంచి దక్షిణపు గోడ దాకా నాలుగు వేళ్ల వెడల్పున నీలిరంగు గీత ఒకటి ఉండేది. ఇనప పొయ్యి సరిగ్గా ఆ గీత మీద కూర్చునేది. పొయ్యి మీద పడమటి వైపు లొవీనా టీ కెటిలు, తూర్పు వైపు రాగ్నా కాఫీ కూజా. లొవీనా చీపురు గీత దాకా వెళ్లి, కాపలావాణ్ణి చూసినట్టు ఆగి, వెనక్కి తిరిగేది. దుమ్ముకు మాత్రం ఈ ఏర్పాటు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి ఇల్లు కట్టాల్సి రావడానికి కారణం సర్కారు. డకోటాలో అడిగినవాళ్లకు నూట అరవై ఎకరాలు ఇస్తామంది. అయితే అయిదేళ్లపాటు ఆ భూమి మీదే ఇల్లు కట్టుకుని, అక్కడే వండుకు తిని, అక్కడే పడుకోవాలంది. ఆ మాట రాసేటప్పుడు సర్కారు మనసులో ఉన్నది గడ్డమూ, భార్యా, ఆరుగురు పిల్లలూ ఉన్న మగమనిషే అయి ఉంటుంది. కానీ ఇరవై ఒక్కేళ్లు దాటిన పెళ్లికాని ఆడమనిషి అడగకూడదనీ, మొగుడు పోయినావిడ అడగకూడదనీ రాయడం మరిచిపోయింది. అందుకని లొవీనా ఒక ముక్కా, నార్వే నుంచి వచ్చి ఇక్కడ మొగుణ్ణి పోగొట్టుకున్న రాగ్నా దాన్ని ఆనుకుని తూర్పున ఇంకో ముక్కా తీసుకున్నారు. చెట్టన్నది కనపడని ఆ మైదానంలో రెండిళ్లకు సరిపడా కలప ఎక్కడ తెస్తారు. పైగా మంచు పట్టిందంటే వారాల తరబడి ఇంకో మనిషి మొహం చూసే యోగం ఉండదు. ఇద్దరూ ఆలోచించి రెండు భూముల హద్దు మీద అడ్డంగా ఒకే ఇల్లు కట్టారు. గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిదిమ్మల గోడలు, ఇరవై అడుగుల పొడవు: పది ఇటు, పది అటు. రెండు తలుపులు. లొవీనా మంచం పడమట, రాగ్నా మంచం తూర్పున. ఒకే కప్పు కింద ఎవరి భూమిలో వాళ్లు నిద్రపోయేవారు.

ఆ హద్దు ఎక్కడుందో తేల్చింది లొవీనా. సర్వేవాళ్లు ఎప్పుడో పాతిన గుంజను మైదానపు మంటలు తినేశాయి. పడమటి చివర హద్దురాయి ఒక్కటే మిగిలింది. అక్కణ్ణుంచి తూర్పుకి సరిగ్గా అర మైలు కొలిస్తే హద్దు వస్తుంది. కొలవడానికి అందరూ చేసేదే వాళ్లూ చేశారు. బండి చక్రం ఆకుకి, అంటే ఇరుసు నుంచి అంచుకి పోయే కర్రకి, ఎర్రగుడ్డ పేలిక కట్టి, అది ఎన్నిసార్లు కిందికి వస్తుందో లెక్కపెట్టడం. అందరూ చేసేదే అయినా లొవీనా అందరిలా చేయలేదు. ఒహాయోలో పదకొండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, ఎక్కాలు అప్పజెప్పించే అవసరం లేని చోటు కావాలని డకోటా వచ్చిన మనిషి ఆమె. ముందు చక్రం చుట్టూ రిబ్బను తిప్పి కొలిచింది: పదమూడు అడుగుల ఆరంగుళాలు. పలక మీద భాగహారం చేసింది: నూట తొంభై అయిదు చుట్లు, ఆ పైన ఏడున్నర అడుగులు.

"నువ్వు ఎడ్లని తోలు. నేను లెక్కపెడతాను. నేను లెక్కపెడుతున్నంతసేపూ నువ్వు నోరు విప్పకూడదు. ఏమన్నా చెప్పేదుంటే అయిపోయాక చెప్పు," అంది రాగ్నాతో.

రాగ్నా తలూపింది.

నూట పన్నెండో చుట్టు దగ్గర గాలికి లొవీనా టోపీ ఎగిరిపోయింది. ఆమె కంగారు పడలేదు. నూట పన్నెండు, నూట పన్నెండు అని గొణుక్కుంటూనే గడ్డిలో పరుగెత్తి, టోపీ పట్టుకొచ్చి, గడ్డం కింద ముడి బిగించింది. రాగ్నా ఎడ్ల పక్కన నిలబడి ఒక వేలు పైకెత్తి చూపించింది. ఆకాశం చూడు, వాన వచ్చేట్టుంది అంటోందనుకుంది లొవీనా. తన పెదవుల మీద వేలు పెట్టుకుని, కళ్లతోనే గదమాయించి, నూట పదమూడు అంది. నూట తొంభై అయిదు పూర్తయ్యాక ఏడున్నర అడుగులు టేపుతో కొలిచి, గుంజ దిగ్గొట్టి, "అంగుళం తేడా ఉండదు," అని ప్రకటించింది.

అయిదేళ్లుగా ఆ ప్రకటన ఆగలేదు. పక్క భూమిలో మట్టిగట్టులో తొలిచిన గదిలో ఒంటరిగా ఉండే ఎబెన్ క్రౌజ్ వస్తే అతనికి చెప్పేది. దారి తప్పిన పాదిరీకి చెప్పేది. చికాగో నుంచి రైల్లో వచ్చిన పొయ్యిని దించడానికి వచ్చిన బండివాళ్లకు, దాన్ని గీత మీద ఎటూ ఒరగకుండా పెట్టించేదాకా చెబుతూనే ఉండేది. "లెక్కకి నోరు లేదు గనక సరిపోయింది, లేకపోతే అదే వచ్చి చాలమ్మా అనేది," అన్నాడు ఎబెన్ ఒకసారి, రాగ్నా తలుపు దగ్గర, గొంతు తగ్గించి.

అయిదేళ్లు నిండాయి. ఇక భూముల ఆఫీసుకి వెళ్లి, నిజంగా అక్కడే ఉన్నామని ప్రమాణం చేసి, తలా ఇద్దరు సాక్షుల చేత చెప్పిస్తే భూమి వాళ్ల పేర రాసేస్తారు. రుజువు రోజు ఫలానా, సాక్షులు ఫలానా అని పేపర్లో ఆరు వారాలు వేయించారు. లొవీనాకి రాగ్నా, ఎబెన్ సాక్షులు. రాగ్నాకి లొవీనా, ఎబెన్. ఎబెన్ అప్పుడే కోటు ఎండలో వేశాడు.

రుజువు రోజు ఇంకా తొమ్మిది రోజులుందనగా సర్వేయరు వచ్చాడు.

అతను వీళ్ల కోసం రాలేదు. అటువైపు రైలు బ్రాంచి లైను ఒకటి వేస్తారట, దానికోసం పాత హద్దులన్నీ గొలుసులు పట్టి కొలుస్తున్నాడు. టాల్కట్ అని, ఎండకి ముక్కు మీద తోలు ఊడుతున్న కుర్రమనిషి. పడమటి హద్దురాయి నుంచి గొలుసు లాక్కుంటూ వచ్చి, లొవీనా బట్టలారేసుకునే తాడు కింద గుంజ పాతాడు. ఇంటికి బయట. పడమటి గోడకి మూడున్నర అడుగుల అవతల.

లొవీనా చేతిలో తడి దుప్పటి పట్టుకునే నిలబడింది. "ఏమిటది?"

"హద్దండీ."

"హద్దు ఇంట్లో ఉంది. నీలిరంగు వేసి ఉంది. వచ్చి చూడండి."

అతను లోపలికి వచ్చి, గీతను మర్యాదగా చూసి, బావుందన్నాడు. బయటికి వెళ్లి మళ్లీ కొలిచాడు. లొవీనా మూడోసారి కూడా కొలిపించింది. కొలిచినప్పుడల్లా రాగ్నా అతనికి మొక్కజొన్న రొట్టే, అడవి ప్లమ్ పళ్ల జామూ పెట్టింది. మూడుసార్లూ గుంజ అక్కడే దిగింది. నాలుగోసారి కొలవడానికి అతనికి అభ్యంతరం లేదు గానీ జాము అయిపోయింది.

"మీ గీతకీ నా గుంజకీ పదమూడున్నర అడుగులు తేడా ఉందండీ," అని చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పదమూడు అడుగుల ఆరంగుళాలు. లొవీనా గబుక్కున మంచం మీద కూర్చుంది. ఆ అంకె ఆమెకు బాగా తెలుసు. చక్రం చుట్టూ తిప్పిన రిబ్బను ఇప్పటికీ ఆమె కుట్టుపెట్టెలో ఉంది. ఒక్కటంటే ఒక్క చుట్టు.

ఇల్లు మొత్తం రాగ్నా భూమిలో ఉంది. అంటే లొవీనా అయిదేళ్లలో ఒక్క రోజు కూడా తన భూమి మీద పడుకోలేదు. నలభై ఎకరాలు దున్నించింది, చేతులు పొక్కులెక్కేలా బావి తవ్వింది, ప్లమ్ పొదలకు పేర్లు పెట్టుకుంది. అదంతా లెక్కలోకి రాదు. పడుకున్నది ఎక్కడ అన్నదే ప్రశ్న. ఇలాంటి లొసుగుల కోసమే ఆఫీసు వరండాలో పసుప్పచ్చ వెయిస్టుకోటు వేసుకున్న ఒకాయన రోజూ పేపరు చదువుతూ కూర్చుంటాడు. ఆమె చేయి జారిన మరుక్షణం ఆ భూమి తనకి కావాలని కాగితం పెడతాడు.

రాగ్నా గీత అవతల నిలబడి అంతా చూసింది. ఏదో ఒకటి అనాలి గనక అంది: "లేచి కుర్చీలో కూర్చో టీచరమ్మా. నా ఇంటికొచ్చినవాళ్లు మంచం అంచున కూర్చుంటే నాకు నామోషీ."

"మిసెస్ హౌగెన్," అంది లొవీనా, "మీరు నాతో మాట్లాడకండి."

'నువ్వు' పోయి 'మీరు' వచ్చిందంటే గడ్డు రోజులే. రాగ్నా కాఫీ పోసుకుంది.

మర్నాడు, సర్వేయరు నోట సంగతి విని, ఎబెన్ వచ్చాడు. అలవాటు ప్రకారం ముందు ఏ తలుపు తట్టాలా అని వాకిట్లో ఆలోచించాడు. ఇప్పుడు రెండూ ఒకరివే గనక తూర్పు తలుపు తట్టి లోపలికొచ్చాడు. లొవీనా మొహం చూసి, చేసింది తప్పని గ్రహించి, బయటికి వెళ్లి పడమటి తలుపులోంచి వచ్చాడు.

"మా పినతల్లి కొడుకు సంగతి చెబుదామని వచ్చానండీ టీచర్‌గారూ. వాడూ ఇంతే. ఇల్లు పక్కాయన భూమిలో కట్టాడు. తెలియక చేసిన పొరపాటైతే మన్నిస్తారంట. వాడికి ఇచ్చేశారు భూమి."

లొవీనా తల ఎత్తింది. "నిజంగానా?"

"నిజమేనండీ. కాకపోతే పొరపాటు ఎలా జరిగిందో, ఎవరు చేశారో ప్రమాణం చేసి చెప్పాలంట. అది కాగితం మీద రాసుకుంటారంట. వాడైతే తాగి ఉన్నానని చెప్పాడు."

లొవీనా తల మళ్లీ దిగింది. రాగ్నా ఎబెన్‌కి కాఫీ ఇస్తూ, "టీచరమ్మ అలా చెప్పలేదు పాపం. తాగదు," అంది.

ఆ వారమంతా లొవీనా పొరపాటు ఎవరిదో వెతికింది. ఆమెకు కావలసింది తను కాని ఎవరైనా. ముందు హద్దురాయిని అనుమానించింది; నేలలో బొరియలు తవ్వే ఉడతలు దాన్ని పక్కకి జరిపి ఉంటాయని పొద్దున్నే వెళ్లి చూసింది. రాయి నడుం దాకా పాతుకుని ఉంది. జరపాలంటే ఉడతలు సంఘం పెట్టుకోవాలి. తరవాత చక్రం మీద పడింది.

"చక్రం అరిగి ఉంటుంది," అంది మంగళవారం నాడు, గోడతో చెబుతున్నట్టు.

"అర మైల్లోనా?" అంది రాగ్నా పిండి పిసుకుతూ.

"ఎడ్లు వంకరగా నడిచి ఉండొచ్చు."

"ఆ రెండూ చచ్చిపోయాయి పాపం. అనేసెయ్. ఎదురు చెప్పవు."

"తోలినవాళ్లు వంకరగా తోలి ఉండొచ్చు."

రాగ్నా పిండి పిసకడం ఆపింది. "వంకరగా తోలితే ఇల్లు నీ భూమిలోకి రావాలి టీచరమ్మా, నా భూమిలోకి కాదు. వంకర దారి ఎక్కువ చుట్లు తింటుంది. నాకు లెక్కలు రావు గానీ అంతమాత్రం వచ్చు."

ఆ ఆలోచన తనకి రాకపోవడం, రాగ్నాకి రావడం, రెండూ లొవీనాకి నచ్చలేదు.

"ఆ రోజు నీ టోపీ..." అని మొదలుపెట్టింది రాగ్నా.

"టోపీ గురించి నాకు తెలుసు. నూట పన్నెండు. నా జ్ఞాపకానికేం తెగులు లేదు, మిసెస్ హౌగెన్. దయచేసి నేను ఆలోచించుకునేటప్పుడు మాట్లాడకండి."

రాగ్నా భుజాలెగరేసి మళ్లీ పిండిలో చేతులు పెట్టింది. ఆ పూట రొట్టె మామూలుకంటే బాగా పొంగింది.

గురువారం నాటికి లొవీనా నాలుగు పేజీల వాంగ్మూలం రాసింది. అందులో చక్రం ఉంది, గాలి ఉంది, నేల ఎండకి బిగిసి కుంచించుకుపోయే గుణం ఉంది, ఎర్రగుడ్డ రంగు వెలిసి సరిగా కనపడకపోవడం ఉంది. దస్తూరీ ముత్యాల్లా ఉంది. 'నేను' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. చదువుకుంటే ఇల్లు దానంతటదే నడిచి వెళ్లినట్టుంది. ఒహాయోలో ఏ పిల్లాడైనా ఇలాంటిది రాసి తెస్తే ఏం చేసేదో ఆమెకు తెలుసు. అందుకే ఎవరికీ చూపించకుండా నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

రుజువు రోజు ముగ్గురూ రాగ్నా బండిలో అర్గస్ సిటీ వెళ్లారు. సిటీ అన్న పేరు ముందు పెట్టేసి, ఊరు తరవాత కట్టుకుంటున్నారు. అప్పటికి పదకొండు కట్టడాలూ, ఒక నీళ్ల ట్యాంకూ వచ్చాయి. భూముల ఆఫీసు కొత్త చెక్కతో, జిగురు వాసనతో ఉంది. వరండాలో పసుప్పచ్చ వెయిస్టుకోటాయన పేపరు కొంచెం దించి, లొవీనాని చూసి, పరిచయం లేకపోయినా నవ్వాడు.

అధికారి స్కీల్ అని, పెద్ద మీసం. ఆ మీసం వెనక ఏముందో ఎవరికీ తెలియదు. రాగ్నా పని పది నిమిషాల్లో అయిపోయింది. తరవాత లొవీనా కుర్చీలో కూర్చుంది. అచ్చు కాగితం మీది ప్రశ్నలు అతను ఒకే గొంతుతో చదువుకుంటూ పోయాడు. పేరు, వయసు (అక్కడ ఆమె గొంతు కొంచెం తగ్గింది), ఎంత దున్నారు, ఏం పండింది.

"మీ ఇల్లు ఈ భూమి మీదే ఉందా?"

"లేదు," అంది లొవీనా. "మూడున్నర అడుగులు అవతల ఉంది."

స్కీల్ కలం ఆగింది. వరండాలో పేపరు మడిచిన చప్పుడైంది.

"అలా ఎందుకు జరిగింది మిస్ టటిల్?"

లొవీనా సంచిలోంచి నాలుగు పేజీలు తీసింది. మడతలు విప్పింది. ఎబెన్ టోపీ ఒళ్లో పెట్టుకుని, పాఠం వినబోయే పిల్లాడిలా ముందుకి వంగాడు. రాగ్నా కిటికీలోంచి బయటికి చూస్తోంది. అక్కడ ఇంజను ఒకటి నీళ్లు తాగుతోంది. ఇంజన్లన్నవి ఇవాళే పుట్టాయన్నంత శ్రద్ధగా చూస్తోంది రాగ్నా. ఆ మొహంలో నవ్వు లేదు. నవ్వకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడుతోందో ఆమె చెవులు చూస్తే తెలుస్తోంది.

లొవీనా ప్లమ్ పొదల్ని తలుచుకుంది. ఉత్తరపు పొద ఈ ఏడు బాగా కాసింది. కాగితాలు మళ్లీ మడిచేసింది.

"నేను లెక్క తప్పాను," అంది.

"వినపడలేదండీ," అన్నాడు ఎబెన్.

"నేను, లెక్క, తప్పాను. నూట తొంభై ఆరు చుట్లు తిరిగిన చక్రాన్ని నూట తొంభై అయిదు అనుకున్నాను. ఒకటి తక్కువ లెక్కపెట్టాను. ఎడ్ల తప్పు లేదు. తోలినావిడ తప్పు లేదు."

స్కీల్ రాసుకుని, పైకి చదివాడు: "అర్జీదారు తానే లెక్క తప్పినట్లు ఒప్పుకున్నారు."

"చదవడం సరిగ్గా ఉంది. మళ్లీ అక్కర్లేదు," అంది లొవీనా, ఎబెన్ నోరు తెరవకముందే.

స్కీల్ సాక్షుల వైపు తిరిగాడు. "అది సరే. కానీ ఈమె తెలిసి తెలిసీ మీ భూమిలో ఉండలేదని ఎలా నమ్మమంటారు మిసెస్ హౌగెన్? ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. స్నేహితులు. సర్దుకుపోయి ఉండొచ్చుగా."

"సర్దుకుపోవడమా," అంది రాగ్నా. "మా ఇంట్లో గీత ఉందండీ. నీలంది. ఏటేటా రంగు వేస్తుంది. గాలికి నా దుమ్ము అటు వెళితే చేటలోకెత్తి తెచ్చి నా వైపు పోస్తుంది. 'ఇది నీది' అంటుంది. తెలిసి నా భూమిలో పడుకోవడం అటుంచండి, తెలిసి నా భూమిలో తుమ్మదండీ ఈవిడ."

స్కీల్ మీసం కొంచెం కదిలింది. "మిస్టర్ క్రౌజ్?"

"నిజమేనండీ," అన్నాడు ఎబెన్. "జనవరి మంచుతుఫాన్లో వెళ్లానండీ, రాగ్నా తలుపు దగ్గరైతే అందులోంచి దూరాను. టీచర్‌గారి కోసం ఉత్తరం తెచ్చాను. ఇవ్వబోతే, 'ఎబెన్‌గారూ, అది నా ఉత్తరం, నా తలుపులోంచి తీసుకురండి' అన్నారు. మళ్లీ బయటికెళ్లి ఇంటి చుట్టూ తిరిగొచ్చానండీ. మీసం గడ్డ కట్టింది. మీకు తెలుస్తుందది, మీకూ ఉంది గనక."

స్కీల్ చాలాసేపు కాగితం వైపే చూశాడు. అతని భుజాలు ఒకట్రెండుసార్లు కదిలాయి. తరవాత మామూలు గొంతుతో, "సద్బుద్ధితో చేసిన పొరపాటు. సాక్ష్యం బలంగా ఉంది," అని రాసి, స్టాంపు వేశాడు. వరండాలో పసుప్పచ్చ వెయిస్టుకోటు మళ్లీ పేపరు విప్పుకుంది.

ఆ విధంగా లొవీనా టటిల్ నూట అరవై ఎకరాలకు యజమానురాలైంది. తను ఎంత చాదస్తురాలో ఇద్దరు సాక్షులు ప్రమాణం చేసి చెప్పడం వల్లనే అయిందన్న సంగతి ఆమెకు ఊరు దాటాక గానీ తట్టలేదు. ఎబెన్ వెనక గోధుమపిండి బస్తాల మీద పడుకుని నిద్రపోయాడు. రాగ్నా పగ్గాలు పట్టుకుని ఏదో నార్వే పాట ముక్కుతో పాడుకుంటోంది.

"నాకింకా అర్థం కావడం లేదు," అంది లొవీనా చివరికి. 'మీరు' అన్న పిలుపు ఆఫీసులోనే ఎక్కడో జారిపోయింది. "ఆ ఒకటి ఎక్కడ పోయిందంటావు?"

"టోపీ దగ్గర. నువ్వు టోపీ వెనక పరుగెత్తావు. ఎడ్లు ఆగమంటే ఆగుతాయా? ఒక చుట్టు తిరిగి అప్పుడు ఆగాయి."

లొవీనా పక్కకి తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు. ఒకటి అని వేలు చూపించాను. నువ్వు నోరు మూసుకోమన్నావు."

"వాన అంటున్నావనుకున్నాను."

"ఆకాశంలో మబ్బు లేదు ఆ రోజు."

"మరి తరవాతైనా చెప్పొచ్చుగా. అయిపోయాక చెప్పమన్నానా లేదా?"

"అన్నావు. అయిపోయాక నువ్వు మొదలుపెట్టావు, అంగుళం తేడా ఉండదు అని. అయిదేళ్లయింది. సందు ఇస్తే చెబుదామనే చూస్తున్నాను." పగ్గం చేయి మార్చుకుంది. "ఒక్క చుట్టు ఎంతుంటుందిలే అనుకున్నాను కూడా. ఇల్లంతా దాటుకొస్తుందని నాకేం తెలుసు. నీకు లెక్కలొచ్చు గానీ నాకు రావు కదా."

లొవీనా వెనక్కి తిరిగి, అర్గస్ సిటీ నీళ్ల ట్యాంకు ఇంకా కనపడుతోందా అని చూసింది. కనపడుతోంది. వెనక్కి వెళ్లి, తప్పు లెక్కది కాదు, ఎడ్లదీ గాలిదీ అని రాయించుకోవచ్చు. అప్పుడు తోలినావిడకు తెలుసన్న సంగతి కూడా రాయాల్సి వస్తుంది. ఆ మాట రాస్తే పొరపాటు సద్బుద్ధితో జరిగిందా అని మళ్లీ మొదలవుతుంది. ఇంత భాగహారం ఆమె మనసులో ఒక్క క్షణంలో పూర్తయింది. ముందుకి తిరిగి కూర్చుంది.

"నా పేరు మీద సర్కారు కాగితంలో శాశ్వతంగా ఉంటుందది. లెక్క తప్పిందని."

"ఉంటుంది," అంది రాగ్నా. "ఆ కాగితం చదవడానికి సర్కారుకి తీరికుండదులే."

ఆ శరత్కాలంలో లొవీనా పడమటి గోడ పగలగొట్టించి, ఇంకో పది అడుగుల గది కట్టించుకుంది. అందులో ఆరున్నర అడుగులు ఆమె సొంత భూమి. మంచం అక్కడికి మారింది. నీలిగీత మాత్రం ఉన్నచోటే ఉంది. అబద్ధపు గీత, చెరిపేద్దామంది లొవీనా. రాగ్నా ఒప్పుకోలేదు. "వద్దు. అది పోతే అంతా నేనే ఊడ్చాలి, ఇల్లు నాది గనక."

ఆ తరవాత రైల్లో ముళ్లతీగ చుట్టలు వచ్చాయి. కంచె వేయాలంటే హద్దంతా మళ్లీ కొలవాలి. బండికి కొత్త ఎడ్లని పూన్చి, చక్రం ఆకుకి ఎర్రగుడ్డ కట్టారు. లొవీనా అలవాటుగా చక్రం పక్కకి వెళ్లబోయింది. అప్పటికే అక్కడ రాగ్నా నిలబడి ఉంది.

"నువ్వు తోలు. నేను లెక్కపెడతాను," అంది రాగ్నా. "నేను లెక్కపెడుతున్నంతసేపూ మాట్లాడకు టీచరమ్మా."

రాగ్నా నార్వే భాషలో లెక్కపెట్టింది. లొవీనాకి ఆ భాషలో పది దాటి రాదు. పళ్లు బిగబట్టి ఎడ్లని తోలింది. సగం దూరం వచ్చేసరికి ఎబెన్ ఎదురొచ్చాడు. రాగ్నా ఆగి, అతని కోడి ఎలా ఉంది, దానికి పట్టిన జలుబు తగ్గిందా అని తీరుబడిగా అడిగింది. లొవీనా ఎడ్లని ఆగమంది. అవి ఆగినప్పుడు ఆగాయి. ఎర్రగుడ్డ ఒకసారి కిందికి వచ్చింది, మళ్లీ వచ్చింది.

రాగ్నా ఇటు తిరిగేసరికి లొవీనా రెండు వేళ్లు పైకెత్తి ఉంది.

రాగ్నా ఆ వేళ్ల వైపు చూసింది. ఆకాశం వైపు చూడకుండానే, "వానా?" అంది.

"రెండు చుట్లు, రాగ్నా," అంది లొవీనా నోటితోనే. "నువ్వు మాటల్లో ఉన్నప్పుడు రెండు చుట్లు తిరిగింది."

"తెలుసు," అంది రాగ్నా. "కలిపేశాను. తోలు."